గోడ మూయకముందే

“చచ్చినవాణ్ణి బతికించాలి నూరియా,” అన్నాడు గూఢచారి శాఖ కల్నల్ అర్రియేటా, కారు దిగకుండానే.

నూరియా నవ్వలేదు. కల్నల్ పొద్దున్నే హాస్యాలాడే మనిషి కాదు.

సెడ్రిక్ హోల్‌రాయిడ్ బ్రిటిష్ నౌకాదళానికి రహస్య సంకేతాలు తయారుచేసి రిటైరై, స్పెయిన్‌లో మలగా కొండల్లోని ఈ ఊళ్లో ఇల్లు కట్టుకున్న ముసలాయన. నిన్న గుండె ఆగి పోయాడన్నారు. నిజానికి ఒక విదేశీ ముఠా ఆయనకు నాడి అందకుండా చేసే మందు పెట్టింది. శవమని చెప్పి విమానమెక్కించి, అవతల లేపి, సంకేతాలు కక్కించాలని ప్లాన్.

“మందు పెట్టిందెవరు?”

“రోజలిండ్ థ్వెయిట్. ఇన్నాళ్లూ మనకు వార్తలు మోసిన మహాతల్లే! వాళ్ల మనిషొకడు పట్టుబడి అంతా కక్కాడు, వాళ్లు ఒకరినొకరు గుర్తుపట్టే కోడ్‌మాటతో సహా. విరుగుడు సూది ఆవిడ లిప్‌స్టిక్‌లో దాచి ఉంది. మధ్యాహ్నం పన్నెండు దాటితే అదీ పనిచేయదు.”

ముఠా లెక్క ఒక్కచోట తప్పింది. ఇంగ్లండులో అయితే శవం రోజుల తరబడి ఐసుగదిలో ఒంటరిగా పడి ఉంటుంది. ఇక్కడ ఇవాళ పోతే రేపు పూడ్చాల్సిందే. రాత్రంతా ఊరు ఊరే శవం చుట్టూ కూర్చుంది. చీమ దూరే సందు లేదు.

నల్లముసుగు వేసుకుని నూరియా శ్మశానం చేరేసరికి శవపేటికను శ్మశానం గోడలో కట్టిన గూట్లోకి తోసేశారు. మేస్త్రి ఇటుకలు పేరుస్తున్నాడు. నల్లకళ్లద్దాల రోజలిండ్, పొరుగింటి ముసలమ్మ అసెన్సియోన్ చెయ్యి పట్టుకుని బతిమాలుతోంది.

“ఆయన్ని ఇంగ్లండు పంపాలమ్మా!”

“ఎందుకూ? పోయిన మా ఆయన గూటి పక్కదే ఈయన ఏరికోరి కొనుక్కున్నాడు. మావాడే!”

అరిస్తే రోజలిండ్ విరుగుడు నేలపాలు చేస్తుంది. అరవకపోతే లోపలున్న ప్రాణం పోతుంది. నూరియా పరామర్శించినట్టు ఆమెను కావలించుకుని, రెండు బుగ్గలూ ముద్దాడి చెవిలో ఊదింది.

“బాదం ఈసారి తొందరగా పూసింది.”

రోజలిండ్ ముఖంలోకి ప్రాణం వచ్చింది. “మంచు పడితే రాలుతుంది. హమ్మయ్య, వచ్చావా! ఏదో ఒకటి చెయ్యి,” అంటూ లిప్‌స్టిక్ చేతిలో పెట్టింది.

“మేస్త్రీ, ఆపు!”

చివరి ఇటుక అతని చేతిలోనే ఉండిపోయింది. గోడ కూల్చి పెట్టె బయటికి లాగారు. నూరియా లిప్‌స్టిక్ విప్పి, ముసలాయన చల్లని చేతిలో సూది గుచ్చింది. కదలిక లేదు. చర్చి గంట పన్నెండు కొట్టడం మొదలుపెట్టింది. ఆమెకు ఏడుపొచ్చింది. అప్పుడు ముసలాయన దగ్గాడు.

అసెన్సియోన్ శిలువ గుర్తు వేసుకుని, ఆయన మీద పడింది. “రాత్రంతా ఏడిపించావు కదరా ముసలోడా!”

కల్నల్ పంపిన పోలీసులు రోజలిండ్‌కు బేడీలు వేశారు. ఆమె అందరి వంకా నమ్మలేనట్టు చూసింది. “పదిహేనేళ్లుగా ఇక్కడే ఉంటున్నాను. మర్నాడే పూడుస్తారని ఒక్కరూ చెప్పలేదే!”

“ఒక్క చావుకైనా వచ్చావా తల్లీ, తెలియడానికి?” అంది అసెన్సియోన్.