నిన్నటి చుక్కలు

కింది వాటా పిన్నిగారు లిఫ్టు ఆపరేటర్‌తో అన్నారట. అతగాడు దాన్ని కడుపులో దాచుకోలేక ఏజెంట్ తొమ్మిది చెవిలో వేశాడు: "అమ్మగారు ఆఫీసు కారులో ఎవరో సూటుబాబుతో పగలబడి నవ్వుతున్నారంట సార్!"

భార్య గురించి ఆ మాట వినగానే తొమ్మిది భగ్గుమన్నాడు. గంట తర్వాత చీఫ్ బ్రీఫింగ్‌కి కూర్చున్నా ఆ మంట చల్లారలేదు.

"మన స్పేస్‌క్రాఫ్ట్ సూర్యుడికి పళ్ళెంలాంటి అడ్డు పెట్టి, చుట్టూ ఉన్న పలచటి వాతావరణాన్ని ఫోటోలు తీస్తుంది. ఇవాళ అక్కడ తుఫాను లేస్తోంది. ఆ ఫోటోల చోట పాతవి పెట్టి, మనకి హెచ్చరిక అందకుండా చేయాలని విదేశీ ముఠా ప్లాన్. ఫోటోలో తుఫాను చూస్తేనే కంట్రోల్ రూమ్ మన పదహారు ఉపగ్రహాల్నీ ఆపుతుంది. మూడింటిలోగా ఆపకపోతే అవి మాడి మసే."

"మనిషెవరు?"

"ఆ ఫోటోలు అందుకునే సెంటర్‌లో విజిటింగ్ సైంటిస్టు. సూటేసుకుంటాడు. ఫోటోలు మార్చే స్విచ్ ఎక్కడ దాచాడో తేలేదాకా వాడి మీద చెయ్యి వేయకు. వాళ్ళకి అమ్ముడుపోయినట్టు నటిస్తున్న మన డబుల్ ఏజెంట్ లోపలున్నారు. కోడ్: 'ఎండ ముదిరిందా?' జవాబు: 'గొడుగు నా దగ్గరుంది.'"

ఆ సెంటర్ తన భార్య పనిచేసే చోటే. చీఫ్ ఆ మాట ఎత్తలేదు. తొమ్మిదీ ఎత్తలేదు.

మధ్యాహ్నం రెండున్నర. ఏసీ మెకానిక్ వేషంలో నిచ్చెనెక్కి, స్క్రూడ్రైవర్ పిడిలోని కెమెరాలోంచి చూశాడు. భార్య తెర మీద సూర్యుడి చుట్టూ వెలుగు పాయలు విరబోసిన జుట్టులా పరుచుకున్నాయి. వాటిని చీల్చుకుని ఓ మేఘం ఉబ్బుతోంది. సూటుబాబు ఆమె కుర్చీ మీద చెయ్యి ఆనించి ఏదో అన్నాడు. ఏసీ హోరులో వినబడలేదు. ఆమె నవ్వింది.

ఇంట్లో ఆ నవ్వు చూసి ఎన్నాళ్ళయిందో!

మిషన్ గంగలో కలిసింది. తొమ్మిది నిచ్చెన మీంచి దూకి కాలర్ పట్టుకున్నాడు. "మా ఆవిడతో ఏంట్రా నీకు ఇకఇకలు?"

సూటుబాబు చల్లగా తన వాచీ నొక్కాడు. తెర మీద మేఘం మాయం. సూర్యుడు ఉగ్గు తాగి పడుకున్న పసివాడిలా ఉన్నాడు. టైము రెండు యాభై రెండు.

"తగలేశావ్!" అంది భార్య.

తొమ్మిది గదంతా కలియజూసి గొంతు చించుకున్నాడు. "ఎండ ముదిరిందా? ఎవరైనా చెప్పండి, ఎండ ముదిరిందా?"

"గొడుగు నా దగ్గరుంది," అంది ఆమె పళ్ళు కొరుకుతూ. "గుడ్లప్పగించి చూడకు. వాణ్ణి వదలకుండా పట్టుకో."

ఆమె అప్పటికే కంట్రోల్ రూమ్‌కి ఫోన్ కలిపింది. అవతల ఇంజనీరు నసిగాడు. "మా తెర మీదా ప్రశాంతంగానే ఉందమ్మా. ఏ ఆధారంతో ఆపమంటారు?"

"సూర్యుణ్ణి వదిలెయ్యండి. వెనకాల చుక్కలు చూడండి. స్పేస్‌క్రాఫ్ట్ సూర్యుడి చుట్టూ తిరుగుతోంది కదా, రోజురోజుకీ అవి పక్కకి జరగాలి. ఇవి నిన్న ఉన్నచోటే ఉన్నాయి. ఇది నిన్నటి ఫోటో బాబూ!"

ఫోన్లో కాగితాల చప్పుడు. తర్వాత ఒక్క కేక: "ఆపెయ్యండ్రా!"

మూడింటికి నాలుగు సెకన్లుండగా పదహారో ఉపగ్రహం ఆగింది.

సూటుబాబుకి బేడీలు పడ్డాయి. చీఫ్ వచ్చి నుదురు తుడుచుకున్నాడు. ఇంకొకడైతే అక్కడితో నోరు మూసుకునేవాడు. తొమ్మిది భార్య దగ్గరికెళ్ళి గొణిగాడు. "అంతా డ్యూటీయే అనుకో. మరి ఆ నవ్వు కూడానా?"

"నవ్వు నాదే," అంది ఆమె అందరూ వినేలా. "పదకొండేళ్ళ కాపురంలో, రోజంతా అక్కడ ఏం చేస్తావని నువ్వు ఒక్కసారి అడిగావా? వాడు దొంగే. కానీ అడిగాడు."