అచ్చు గుద్దిన మచ్చలు

ఉదయం ఏడూ పదికి ఫోన్ వచ్చింది. ఏడూ నలభైకల్లా ఎస్సై ల్యాబ్ షెడ్డులో ఉంది.

గడ్డి మీద దూడ. పుట్టి ఎనిమిది రోజులు. నోట్లో నురగ. చచ్చిపోయింది.

ఎప్పుడో పోయిన పాడి ఆవు చర్మం ముక్కలోంచి పుట్టించిన క్లోన్ అట. నూటపది పిండాలు పోగా మిగిలింది ఇదొక్కటేనట.

"దీని పనే," మేనేజరు దూడకి పాలుపట్టే ఆమె మీదికి వేలు చూపించాడు. "పాలల్లో పురుగులమందు కలిపింది. సీసా దీని సంచిలోనే దొరికింది. లోపలెయ్యండి."

ఆమె గోడకి అతుక్కుపోయి ఉంది. జాకెట్టు ముందు భాగం తడిసింది.

"పసిపిల్లుందా?" ఎస్సై అడిగింది.

"మూడు నెలలది. పక్కింటి పిన్నిగారి దగ్గర పడుకోబెట్టొచ్చాను. నన్ను తీసుకెళ్తే దానికి పాలెవరిస్తారండీ?"

"ఈ ఏడుపులకి కరిగిపోకండి మేడం," మేనేజరు అడ్డొచ్చాడు.

"మీరు కాసేపు నోరు మూసుకోండి. ఏమ్మా, ఈ దూడతో ఏమైనా తేడా కనిపించిందా?"

"మోసిన ఆవు దీన్ని దగ్గరికే రానివ్వలేదు. తన్నేది. ఒళ్ళు తుడుద్దామంటే, తడిగుడ్డ తగిలిందో ఉద్యోగం పోతుందన్నారు సారు."

"ఇన్ఫెక్షన్ వస్తుందని అన్నాను," మేనేజరు కసిరాడు.

గుమ్మంలోకి ఈ క్లోన్ తయారుచేసిన ముసలి డాక్టరు వచ్చాడు. చేతిలో ప్రయాణపు పెట్టె. పది రోజులుగా ఊళ్ళో లేడు. ఆవు అనుకున్న రోజుకంటే ముందే ఈనింది. ఆ పూట మేనేజరు ఒక్కడే ఉన్నాడు. ఇవాళ తొమ్మిదింటికి డాక్టరు దూడకి డీఎన్ఏ పరీక్ష చెయ్యాలి.

ఎస్సై గోడమీది పాత ఆవు ఫొటో చూసింది. నల్లటి ఒళ్ళు, నుదుట ఒక తెల్లమచ్చ, డొక్కలో మూడు. దూడకీ అంతే, అక్కడే.

"డాక్టరుగారూ, నాకు కవల కూతుళ్ళు. ఒకే పోలిక. పుట్టుమచ్చలు మాత్రం ఎవరివి వాళ్ళవే. క్లోన్‌కి ఇలా వస్తాయా?"

డాక్టరు వంగి చూశాడు. మొహం పాలిపోయింది.

"రావు. మచ్చ ఎక్కడ పడాలో కడుపులో ఉండగా తేలుతుంది. ఇది నా దూడ కాదు."

ఎస్సై స్పిరిట్ దూదితో డొక్కలో మచ్చల చుట్టూ ఉన్న నలుపుని రుద్దింది. దూది నల్లబడింది. కింద తెల్లటి బొచ్చు.

"మీరైతే ఇలా పుయ్యరు, మీకు తెలుసు కాబట్టి. క్లోనంటే జిరాక్స్ కాపీ అనుకునేవాడు పూశాడు." ఎస్సై మేనేజరు వైపు తిరిగింది. "అసలు దూడ పుడుతూనే పోయింది కదూ? ఎవరిదో దూడని తెచ్చి ఫొటో చూసి రంగేశావు. ఇవాళ పరీక్షలో దొరికిపోతావని చంపి, సీసా ఈమె సంచిలో పెట్టావు."

 మేనేజరు పళ్ళు కొరికాడు.

"అయితే ఏంటి? జనం ఆగుతారా? చచ్చిపోయిన పిల్లల వెంట్రుకలు పట్టుకుని నా గుమ్మంలో నిలబడుతున్నారు. మళ్ళీ పుట్టించమని."

పాలుపట్టే ఆమె గోడ వదిలి ముందుకొచ్చింది.

"వాళ్ళ కోసం ఎవరి బిడ్డని తెచ్చి రంగు పూస్తావురా?"

అతను తల దించుకోలేదు.

"జీపులో ముందు ఈమెని ఇంటి దగ్గర దింపు," ఎస్సై తనతో వచ్చిన కానిస్టేబుల్‌తో అంది. "వీడు ఆగుతాడు. పాప ఆగదు."