రెండు పక్కలా సింహాలే!

“లక్షలొస్తే నీకు పిల్లనిచ్చేదానికి వాకిట్లో నిలబడతార్రా తమ్ముడా! ఈ గొడ్రాల్ని నగరికి, దాని అమ్మగారింటికి పంపించెయ్!”

వంటింట్లో పిండి కలుపుతున్న జ్ఞానాంబ చేయి ఆగిపోయింది. ఆడబిడ్డ నిర్మలమ్మ నోరు ఆమెకు కొత్త కాదు... కానీ భర్త చక్రధర్ నవ్వాడు! కాదనలేదు, కసరలేదు... నవ్వాడు!

అసలు ఆ లక్షలు తెస్తుందంటున్న ఐదు రూపాయల బిళ్ళ ఎవరిది? పుత్తూరు బస్టాండు దగ్గర తాను నడిపే ఇడ్లీ బండికి చిల్లరలో వచ్చింది. రెండు పక్కలా సింహాల బొమ్మే, అంకె ఎక్కడా లేదు! వింతగా ఉందని తానే భర్తకు చూపించింది. ఫోన్లో ఏవో వీడియోలు చూసి, టంకశాలలో తప్పుగా అచ్చుపడిన నాణెమనీ, లక్షలు పలుకుతుందనీ అతను తేల్చేశాడు. “నా అదృష్టం” అంటూ వీధంతా చాటాడు. ఆ బండి దగ్గర ఒక్కనాడైనా గిన్నె కడిగాడా? ఆమె సంపాదన తింటూనే ‘ఇడ్లీలదానా’ అని వెక్కిరించేవాడు... ఇప్పుడేమో అదృష్టం ఆయనదట!

మర్నాడు, బిళ్ళ ఎలా వచ్చిందో చెప్పాలంటూ ఆమెను తిరుపతికి వెంటపెట్టుకు వెళ్ళాడు. పాత నాణేలు కొనే ధర్మేంద్ర భూతద్దంతో చూశాడు. అంచు లోపలివైపు గోరుతో గీరాడు. మామూలు బిళ్ళనొకదాన్ని గాజు బల్ల మీద వేస్తే ఖంగుమంది. ఇది వేస్తే ‘టక్’మని చచ్చు చప్పుడు!

“టంకశాల తప్పు కాదప్పా. ఒక బిళ్ళను లోపల తొలిచి, ఇంకో బిళ్ళ ముఖాన్ని దాంట్లో ఇరికించినారు. ఈడ అతుకు గీత సూడు. గారడీవాళ్ళు ఇట్లాంటివి చేయించుకుంటారు. దీనికి ధరేం లేదు.”

చక్రధర్ ముఖం మాడిపోయింది. వీధిలోకి రాగానే, “నీ చేతికొచ్చేది ఏదైనా ఇంతే! దరిద్రపు చెయ్యి!” అన్నాడు.

నగరి బస్సెక్కాక మాత్రం గొంతు మెత్తబడింది. “సర్లే జ్ఞానా... ఇంటికి పోయి రేపటికి పిండి రుబ్బాల గదా...”

ఆమె అతని వైపు నిదానంగా చూసింది. ఈ మనిషి కోసమా ఇన్నేళ్ళు ఉపవాసాలు చేసింది! కడుపు పండలేదని తనను తానే తిట్టుకుంది... పరీక్షకు రమ్మని డాక్టరమ్మ ఎంత చెప్పినా ఆసుపత్రి గడప తొక్కని ఈ మగధీరుడి కోసమా!

పుత్తూరు వచ్చింది. “దిగు” అన్నాడు.

“నగరికి పంపించమన్నాది గదా మీ యక్క! పోతాండా.”

చక్రధర్ బిత్తరపోయాడు. “అది... లక్షలొస్తే అన్న మాట గదే!”

జ్ఞానాంబకు నవ్వొచ్చింది! ఏడుపు రావలసిన చోట నవ్వు!

“రేపొచ్చి నా బండి తోలుకపోతా. ఆ బిళ్ళ మీ యక్క చేతిలో పెట్టు, పిల్లను చూస్తాది!” కండక్టరు వైపు తిరిగింది. “నగరికి ఒక టికెట్టియ్యన్నా.”

చక్రధర్ దిగక తప్పలేదు. బస్సు కదులుతుంటే కింద నుంచి అరిచాడు. “మరి రేపటి పిండీ...?”

ఆమె సీటు మధ్యకు జరిగి, విశాలంగా కూర్చుంది.