రూపాయి కిమ్మతు లైను

పాత ట్యాంకు వెనుక వాల్వు గుంత దిక్కు రాత్రి రెండు దాటినంక ఎవ్వలూ పోరు. తాగినోడు కూడా ఆడిదాక పాడుకుంట వచ్చి, ఆడ నోరు మూసుకొని, చుట్టు తిరిగి పోతడు. ఊరి పేరెందుకుగని, కొండగట్టుకు గంట దూరంల ఉన్న చిన్న మున్సిపాలిటీ.

ఆ గుంతల మొండయ్య తిరుగుతుండని చెప్తరు. మొండయ్య వాల్వులు తిప్పే మనిషి. ఇరవై ఆరేండ్లు సాంచాల వాడకు, అంటే మరమగ్గాలు నడిపేటోళ్ల వాడకు, నీళ్లిడిచిండు. నాలుగేండ్ల కింద ఒక వానకాలం రాత్రి, వాడ కాడ ఉన్న కింది వాల్వు తిప్పుకుంటనే గుండె ఆగి పోయిండు. అయినా రెండు దాటితే... గుంతల ఇనుము మూలుగుతది... కిర్ర్... కిర్ర్... పద్నాలుగు చుట్లు. ఎంచినోళ్లున్నరు. పదిహేనోది విన్నోడైతే లేడు, పద్నాలుగుకే అందరూ ఉరికిండ్రు.

చచ్చింది కింది వాల్వు కాడ, తిరిగేది ట్యాంకెనుక మీది వాల్వు కాడ. దెయ్యానికి ఏ వాల్వైతేందని ఎవ్వలూ అడగలే.

మున్సిపాలిటీల నల్లా లెక్కలు రాసే మహమూద్ సాబ్‌కు ఈ ముచ్చట తెలుసు. “దెయ్యానికి భయపడ, ఆడిట్‌కు భయపడ్త” అంటుండె. నిజానికి ఆయన బల్లికి గూడ భయపడ్తడు. ఆ మాట ఆయనే చెప్పి, పక్కోడు నవ్వకముందే తాను నవ్వేస్తడు.

ఆ లైనును చంపింది ఆయనే. పెన్నుతోని.

యాభై ఏండ్ల నాటి బీడు ఇనుప పైపు. నెలకోపారి పగులుడే. పది బిందెలు ఇడిస్తే నాలుగు భూమే తాగుతది. నల్లా బిల్లుల పైసలు మోటర్ల కరెంటుకే సాలవు. కొత్త పైపు కోసమని పక్కకు పెట్టిన పైసలు ప్రతి మార్చిల జీతాలకు పోతయి. సాబ్ శానా దినాలు ఆలోచించి, నాలుగేండ్ల కింద ఆస్తుల పుస్తకంల ఎర్ర సిరాతో రాసిండు: “లైను మూసివేయనైనది. విలువ, ఒక రూపాయి.” సున్న రాస్తే పుస్తకంలకెళ్లే మాయమైతది, అందుకని రూపాయి. లైనే లేనప్పుడు తిప్పేటోడెందుకని, మొండయ్య పోయినంక ఆ పోస్టు మీద కూడా గీత కొట్టిండు. వాడకు ట్యాంకర్లు పంపిండు.

ఇప్పుడు కొత్త లైనుకు పదకొండు కోట్లు అడిగిన ఫైలు హైదరాబాద్‌ల ఉన్నది. అండ్ల సాబ్ రాసి దస్కతు వెట్టిన మాట: “పాత లైనుల నాలుగేండ్లసంది చుక్క నీళ్లు పోతలేవు.” రేపు రాత్రి ఆడికెళ్లి తనిఖీ టీము వస్తది. ట్యాంకు కాడనే కూసొని తెల్లార్లూ నీళ్ల మట్టం కొలుస్తరట. దొంగతనంగ నీళ్లు తగ్గితే ఫైలు వాపస్. వాడకు లైను రాదు. రిటైరయ్యేందుకు ఏడు నెలలే ఉన్న సాబ్‌కు పింఛనూ రాదు.

సరిగ్గ గీ టైముల ట్యాంకు రిజిస్టరు తిరగేసిండు. గంట గంటకు మట్టం రాస్తరు అండ్ల.

రాత్రి రెండింటికి పదకొండు అడుగులు... మూడింటికి తొమ్మిది.

ముందటి రోజు చూసిండు. పదకొండు... తొమ్మిది.

ఆ ముందటి నెల చూసిండు. గంతే.

రిజిస్టరునైతే సొరుగుల దాయొచ్చు. ట్యాంకును ఏ సొరుగుల దాస్తడు?

“రాత్రి గుంత కాడికి పోయి చూసొస్త” అన్నడు ఇంట్ల.

“బల్లిని చూస్తే మంచమెక్కుతరు,” అన్నది ఆయన భార్య అజ్రా. “దెయ్యాన్ని చూసొస్తరా జీ?”

“దెయ్యమైతే ఫికర్ లేదు. నీళ్లైతేనే పరేషాన్.”

ట్యాంకు కాడి వాచ్‌మన్ లక్ష్మీరాజం చేతులు జోడించిండు. “జర నా మాటినుండ్రి సార్. రేపు రాత్రి చూద్దాం.”

“రేపు రాత్రి టీముంటదయ్యా!”

“అయితే టీముకే చూపిద్దాం.” టార్చి సాబ్ చేతుల వెట్టి వెనుకకు జరిగిండు. “మీరు పోయి రాండ్రి. నేను ట్యాంకును కాస్త.”

ట్యాంకును ఎవలెత్తుకపోతరని సాబ్ అడగలే. అడిగితే తాను భయపడేది బయటపడ్తది.

రెండు దాటింది. తుమ్మ చెట్ల నడుమ సన్న బాట. దూరంగ వాడల రాత్రి షిఫ్టు సాంచాలు టకటకమంటున్నయి. టార్చి వెలుగు ముందట పోతుంది, సాబ్ దానెనుక పోతుండు... దానికంటే జర మెల్లగ.

గుంత ఇరవై అడుగుల దూరం.

కిర్ర్...

టార్చి ఆర్పిండు. ఎందుకార్పిండో ఆయనకే తెల్వదు.

కిర్ర్... కిర్ర్... నాలుగు... అయిదు... లెక్కలు రాసే మనిషి కదా, ఎంచకుండ ఉండలేకపోయిండు. తొమ్మిది... పది... పదమూడు... పద్నాలుగు.

ఆగింది.

పదిహేనోది లేదు. ఊర్ల ఈ సంగతి తెలిసిన మొదటి మనిషి మహమూద్ సాబే. ధైర్యం కాదు, ఉరుకుదామంటే కాళ్లు రాలే.

అప్పుడు... కాళ్ల కింద భూమి కదిలింది. లోపల ఏదో పారుతుంది. ఆయన రూపాయికి రాసేసిన పైపు... నిండుతుంది.

గుంతలకెళ్లి తెల్లగ ఒక తల లేసింది.

సాబ్ టార్చి నొక్కిండు.

“లైటు పక్కకు తియ్యుండ్రి సార్... కండ్లల్ల వడ్తుంది.”

సక్కుబాయి! మొండయ్య పెండ్లాం. తలకు తెల్ల తువ్వాల చుట్టుకున్నది. బతికున్న మనిషే. సాబ్ దమ్మునంత ఒక్కసారి ఇడిచి, గుంత దాక వచ్చి గట్టు మీద కూలవడ్డడు. భయం పోయిన జాగల కోపమొచ్చింది.

“ఆ వాల్వు తిప్పే చాబీ ఏడిదే నీకు? ఆఫీసు సొత్తు అది!”

నడుమెత్తు ఇనుప చాబీని ఆమె దగ్గరికి తీసుకున్నది. “నాదే సార్. ఆయన పోయినంక వాపస్ ఇయ్యొస్తే మీరే అంటిరి, దీని కిమ్మతు రూపాయే, కట్టి ఉంచుకో అని.” కొంగు ముడి ఇప్పి కాగితం తీసింది. “రసీదు. మీ దస్కతే.”

టార్చి వెలుగుల చూసిండు. ఆయనదే.

“ట్యాంకరు ఇంటికి రెండు డ్రమ్ములు పోస్తది. సాంచాల కాడ పన్నెండు గంటలు నిలవడ్డోళ్లు తానం జెయ్యొద్దా సార్?”

“రేపు నీళ్లు తగ్గితే కొత్త లైనే రాదు చెల్లె,” అన్నడు. కోపం ఎటుపోయిందో పోయింది. “ఇయ్యాల, రేపు... రెండు రాత్రులు ఇడవకు. నీ కాళ్లు మొక్కుతా.”

ఆమె ఒంగి పైపు మీద చెయ్యేసింది.

“సరే సార్. మీది వాల్వు నేను బందు వెడ్త. కిందికి మీరే చెప్పుండ్రి. చెప్పకుంటే... తెల్లార్లూ ఎదురు జూస్తడు.”

“కిందికా?”

“వాడ కాడి వాల్వుకు. ఈడ ఇడిస్తే ఆడ తియ్యాలె గద. చాబీతోని పైపును కొట్టి చెప్పుకుంటం. మూడు దెబ్బలంటే ఇడిచిన అని. రెండు దెబ్బలంటే నీళ్లు లేవని. ఊకె ఒక్కటంటే... నేనున్న అని. మీది వాల్వు ఆయన నౌకరిల చేరిన మొదటిసందీ నేనే తిప్పుతున్న సార్. నడుమ కిలోమీటరున్నర ఉన్నది. ఒక్క మనిషి రెండు కాడ ఎట్లుంటడు?”

ఒక్క జీతం, రెండు వాల్వులు. ఆ పొదుపును సాబ్ ప్రతి మీటింగుల చెప్పుకొని మురిసేది. అదెట్ల అయితుందని ఒక్కనాడు అడగలే. సిగ్గుతోని తల వంచిండు.

వంచిన తలల ఇంకో మాట... మెల్లగ... లేసింది.

మొండయ్య జాగల తాను ఎవ్వలనూ పెట్టలే. పోస్టే లేదు.

“సక్కుబాయీ... కింద ఎవలున్నరు?”

ఆమె చాబీ ఆయన చేతుల వెట్టింది. ఇనుము సల్లగ... నీళ్లలకెళ్లి తీసినట్టున్నది. సాబ్ గుంతలకు దిగి, ఒక చెయ్యి పైపు మీద పెట్టిండు.

కొట్టిండు.

ఠంగ్... ఠంగ్.

సప్పుడు పైపు వట్టుకొని పోయింది. సాబ్ లోలోపల ఎంచుకుంటుండు. పది... ఇరవై... ముప్పై. ఎవ్వలు లేరు. ఆమె భ్రమ. నవ్వొచ్చింది. పైపు మీదికెళ్లి చెయ్యి తీయబోయిండు...

చెవి కంటె ముందుగాల అరచేతికే తెలిసింది.

ఠంగ్... ఠంగ్.

కిందికెళ్లి.

సక్కుబాయి చాబీ తీసుకొని, ఏమీ కానట్టు, పద్నాలుగు చుట్లు తిప్పి మీది వాల్వు బందు వెట్టింది. పైపుల పారుడు ఆగిపోయింది. సాబ్ ఫైలుల రాసిన మాట నాలుగేండ్ల తర్వాత ఇప్పుడు నిజమైంది.

ఆమె మాత్రం లేవలే. చెవి పైపుకు ఆనించి అట్లనే కూసున్నది.

“కొత్త లైను... ప్లాస్టిక్ పైపట గద సార్?”

“అవు చెల్లె.”

“అండ్ల... సప్పుడు వినొస్తదా?”

మహమూద్ సాబ్ నోరు తెరిచిండు. ఆయన జవాబు చెప్పకముందే, ఎవ్వలు అడగకుండనే, కిందికెళ్లి...

ఠంగ్.

ఒక్కటే.