కుండీలో కొత్త మట్టి

గుణదలలోని మా ఫ్లాటులో మధ్యాహ్నపు వెలుతురు హాలు కిటికీ దగ్గర మాత్రమే నిలుస్తుంది. అక్కడే నా భార్య హెలెన్ తన క్రిస్మస్ చెట్టును కుండీలో పెంచింది. మట్టిలో వేలు గుచ్చి తడి చూశాకే నీళ్లు పోయాలని నాకు చెబుతూ ఉండేది. వానాకాలంలో ఆమె చనిపోయింది. ఆమె చేతుల మీద పెరిగినది ఇంట్లో అదొక్కటే మిగిలింది. ఎక్కడ ఎండిపోతుందోనన్న భయంతో తడి చూడకుండానే రోజూ నీళ్లు పోశాను. వేర్లు కుళ్లాయి. మట్టి మార్చకపోతే బతకదని నర్సరీ అతను చెప్పాడు.

సమాధుల పండుగకు ఉయ్యూరు దగ్గరి అత్తగారి ఊరికి వెళ్లాను. అందరూ సమాధులకు సున్నం వేసి కొవ్వొత్తులు వెలిగిస్తున్నారు. హెలెన్‌ది ఇంకా మట్టి దిబ్బే. తల వైపు నుంచి ఒక సంచి నిండా మట్టి తీసుకున్నాను. ఆమె చెట్టుకు అంతకన్నా మంచి మట్టి ఎక్కడ దొరుకుతుందనుకున్నాను.

చెట్టు చిగురించింది. ఒక మధ్యాహ్నం తడి చూద్దామని వేలు గుచ్చాను. తడి సున్నం వాసన, ఆర్పిన కొవ్వొత్తి వాసన… లోపల ఏదో నా వేలిని చుట్టుకుంది. వేరు అనుకున్నాను. అది మెల్లగా నొక్కింది.

నాకు భయం వేయలేదు. సెలవు పెట్టి రోజంతా ఆ కుండీ పక్కనే గడపసాగాను.

క్రిస్మస్ దగ్గర పడుతుండగా మా అత్తగారు శౌరమ్మ వచ్చారు. చెట్టును చూసి నవ్వారు.

"మా అమ్మాయి ఉండగా ఇంత నిగనిగ లేదే. ఏం తినిపిస్తున్నారు బాబూ?"

మట్టి సంగతీ, వేలి సంగతీ దాచకుండా చెప్పాను. ఆమె నవ్వు ఆగిపోయింది. ఎటు వైపు మట్టి తీశారని అడిగారు. తల వైపు అన్నాను. ఆమె కుర్చీ కోసం తడుముకున్నారు.

ఆ సమాధుల తోటలో చోటు చాలక, చూడడానికి ఎవరూ రాని పాత సమాధి గుంటలను మళ్లీ తెరుస్తారట. హెలెన్‌కు ఇచ్చినది అలాంటిదేనట. అందులో దొరికిన ఎముకలను మూటగట్టి తల వైపు పూడ్చారట. అవి ఎవరివో ఊళ్లో ఎవరికీ తెలియదట. నా దుఃఖం చూసి నాకు చెప్పలేదట.

"నా బిడ్డ మంచిది బాబూ" అని ఆమె గొణిగారు. "వదలమంటే వదులుతుంది. అడిగి చూడండి. వదలకపోతే మాత్రం… ఆ చెట్టును ఉంచొద్దు."

అది పోతే నాకిక ఏమీ లేదు. వేలు గుచ్చాను. పట్టు వెంటనే బిగిసింది.

"హెలెన్… నువ్వే అయితే వదులు."

ఫ్యాను చప్పుడు. అత్తగారి చేతిలో జపమాల పూసల చప్పుడు. ఆ తరువాత పట్టు సడలింది… కొద్దికొద్దిగా, ఎంతో అయిష్టంగా, నన్ను విడిచింది.

"వదిలింది" అన్నాను. ఏడుస్తూ నవ్వాను. వేలు పైకి తీయబోయాను.

రాలేదు.

ఇన్నాళ్లూ హెలెన్ చెయ్యి కప్పి కాపాడిన నా వేలిని… కింది నుంచి వచ్చిన ఇంకొక చెయ్యి పట్టుకుంది.

అత్తగారు కళ్లు మూసుకుని దేవునికి స్తోత్రం చెబుతున్నారు. నా మణికట్టు మట్టిలోకి దిగుతోంది.