గవినమ్మ పలకని నాడు

మేటికొండ శిఖరాలపై పొద్దు పొడిచేసరికి, కోటను చుట్టుముట్టిన శత్రుసేన గుడారాలు శవంమీద కప్పిన తెల్లగుడ్డలా మైదానమంతటా పరచుకొని ఉన్నాయి. లోపల బావులు అడుగంటి, గాదెలు ఊడ్చుకుపోయి, గజశాలలో ఏనుగులకు బదులు గాయపడినవారు మూలుగుతున్నారు. రాణి సబ్బాంబికకు మాత్రం ఆ మూలుగులకంటె స్పష్టంగా మరొక చప్పుడు వినవస్తున్నది. మూడేళ్లనాడు ఈ ద్వారం దాటిపోయి మరలిరాని భర్త గుర్రపు డెక్కల చప్పుడు.

నాడు ఆయన "యుద్ధానికి పోదునా తల్లీ" అని ద్వారదేవత గవినమ్మను అడిగితే, గంధంతో అమ్మ రెండు భుజాలకూ అంటించిన పువ్వుల్లో కుడిది రాలింది. కుడిది రాలితే ఔను, ఎడమది రాలితే కాదు. పెండ్లినుండి దండయాత్రదాకా ఆ రాజ్యంలో అదే తీర్పు. ఔనన్న దేవత ఆయనను ఎందుకు మింగిందో రాణికి నేటికీ అంతుపట్టలేదు.

ఈ ఉదయం మంత్రి గుండన ప్రెగ్గడ ఆమెను గుడికి రప్పించాడు. కోట అప్పగిస్తే శత్రురాజు తననే ఇక్కడ సామంతుడిగా కూర్చోబెడతాడన్న సంగతి కడుపులో దాచుకొని, కన్నీళ్లు మాత్రం బయటపెట్టాడు. ఆయనకవి పిలిస్తే పలికేవి.

"దేవీ, అమ్మ ఉన్నదని నోటితో అంటే చాలునా? ఉన్నదానికి గురుతుండాలి. కంటికి ఆనని నమ్మకం చీకట్లో నడక. పోరాడుదుమా అని అడగండి. కాదంటే తలుపులు తెరిపించి ప్రజల ప్రాణాలు నిలపండి."

ముసలి దళవాయి రేచనాయకుడు నవ్వాడు. "సాక్షులను పిలిచేది తగవులో, ప్రెగ్గడా. అమ్మతో నీకేం తగవు?"

"వెటకారం చాలించు. నీకామె ఒక్కసారైనా కనబడిందా?"

"లేదు. మొన్న నా కొడుకు ఈ గోడమీద కూలిననాడు గొంతు చించుకొని పిలిచితిని. పలుకలేదు. అయినా ద్వారం విడువలేదు. ఆమె కనబడితేనే కాపు కాస్తానని నేను మాటివ్వలేదు."

రాణి అడిగింది. ఎడమ పువ్వు రాలింది.

గుడి బయట ఆడవాళ్ల ఏడుపు లేచింది. రాణి మాత్రం కుడి పువ్వునే చూస్తూ ఉండిపోయింది. దీపాల వేడికి దాని చుట్టూ గంధం ఎండి, పెళ్లలుగా రాలుతున్నది. పువ్వు మాత్రం కదలలేదు. పూజారి తప్ప అన్యులు ముట్టరాని విగ్రహంమీద ఆమె చేయి వేసి, పువ్వును లాగింది. గోటినిండా మైనం.

పూజారి మల్లెన కాళ్లమీద పడ్డాడు. "ప్రెగ్గడగారు చేయమన్నారు తల్లీ."

"మూడేళ్లనాడు?"

మల్లెన నేలకు నుదురు ఆనించాడు. "నాడు ఎడమదానికి అంటించాను."

భటులు చేతులు విరిచి కడుతుంటే ప్రెగ్గడ విగ్రహంవైపు చూసి అన్నాడు: "నేను మోసగాడినే, ఒప్పుకుంటాను. ఇన్నాళ్లూ ఆమె ఎందుకు ఊరుకున్నది?"

"నోరు మూయించినవాడివి నీవు. మాట్లాడలేదేమని అడిగేదీ నీవేనా?" అన్నది రాణి. అన్నదే గాని అది జవాబు కాదని ఆమెకు తెలుసు. గర్భగుడిలోని రాతికన్నులు ఎవరివైపూ చూడటంలేదు.

రేచనాయకుడు కత్తి నేలకానించి మోకరిల్లాడు. "శత్రువుల గడ్డివాములూ గింజలూ ఏటిగట్టున ఉన్నాయి. అవి కాలితే వాళ్లిక్కడ నిలువలేరు. సెలవిప్పించండి."

"అమ్మ ఏమన్నదో తెలియలేదు, నాయకా."

"తెలియనక్కరలేదు. తమరేమందురో చెప్పండి."

"పోయి రండి," అన్నదామె. ఆ మాట అంటుండగా డెక్కల చప్పుడు మళ్లీ వినబడింది.

మధ్యాహ్నానికి ఏటిగట్టు మంటలై లేచింది. పొద్దు వాలేలోగా గుడారాలు విప్పుకొని శత్రుసేన పడమటికి మళ్లింది. దళవాయిని తలుపుచెక్కమీద పడుకోబెట్టి మోసుకొచ్చారు.

జుట్టు విరబోసుకొన్న ఆడమనిషి ఒకతె నాయకుని ముందర పరుగెత్తిందని కోటంతా ఒకటే మాట. రాణి భటులను ఒక్కొక్కరినే అడిగింది: "నీవు చూచితివా?" నేను కాదు, నా వెనుకవాడు చూశాడన్నాడు మొదటివాడు. ఆ వెనుకవాడు పక్కవాణ్ణి చూపించాడు. చివరివాడు తలవంచుకొని చెక్కవైపు చేయి చాచాడు.

"చూచింది నాయకుడు, తల్లీ. అదిగో అని మాకు చూపించబోతూనే పడిపోయాడు."

రాణి వంగి, తెరచుకొన్న ఆ కన్నుల్లోకి చీకటి పడేదాకా చూచింది. వాటిని మూయటానికి ఆమెకు చేయి రాలేదు.