తేనెదారి పిట్ట

ముసెంబిని ఎదురుపడి చంపలేదు. అంత దమ్మెక్కడిది వాళ్ళకు? పొదల చాటున నక్కి, వెన్నులో తూటా దింపారు. ఏనుగు దంతాలు దోచుకుపోయే విదేశీ ముఠాకు ఆ కుర్ర రేంజర్ అడ్డొచ్చాడు, అంతే. అక్క వవిన్యా ఏడవలేదు. ఆమె గూఢచార శాఖలో ఏజెంట్. పక్షుల గైడ్ వేషం కట్టి ఏనుగులుండే త్సావో అభయారణ్యంలో దిగింది.

చెవిలోని బుల్లి రేడియోలో చీఫ్ కిలోంజో మాట్లాడాడు.

"ముఠా గుట్టు విప్పే సాక్షి ఈ ఉదయం విమానంలో వస్తున్నాడు. దిగీ దిగగానే లేపేస్తారు. నీ టూరిస్టు హార్ట్‌విగే షూటర్. ఆయుధం బయటికి తీసేదాకా ఆగు. వాడు నాకు ప్రాణాలతో కావాలి."

"నా తమ్ముణ్ణి చంపింది వాడేనా సార్?"

"వాడే. పక్కనున్న సెలీన్ మన మనిషి. కోడ్‌వర్డ్ ఎర్రముక్కు. వింటున్నావా అమ్మాయ్?"

"వింటున్నాను సార్," అంది పళ్ళు నూరుతూ.

సెలీన్ మహా అందగత్తె. అంత దుమ్ములోనూ ఆమె పట్టు స్కార్ఫ్ మాయలేదు. "ఇవాళ ఎర్రముక్కు పిట్ట కనిపిస్తుందా?" అని నవ్వింది. తోడు దొరికిందనుకుంది వవిన్యా.

ఇంతలో బూడిదరంగు పిట్టొకటి జీపు ముందు కొమ్మ మీద వాలి ఒకటే గోల.

"ఏమిటా రొద? తరుము దాన్ని," అన్నాడు హార్ట్‌విగ్.

పక్షుల కోసం సముద్రాలు దాటొచ్చానన్నవాడు బైనాక్యులర్ ఎత్తనైనా లేదు. అది తేనెదారి పిట్ట. మనిషిని తేనెపట్టు దాకా పిలుచుకెళ్తుంది, మిగిలిన మైనం తను తింటుంది. తన కాంబా తెగ పిల్లలకు మాటలతోపాటే వచ్చే సంగతిది. వవిన్యా ఈల వేసి బదులిచ్చింది. పిట్ట ముందు, జీపు వెనక.

రన్‌వే పక్కనున్న బావోబాబ్ చెట్టు దగ్గర పిట్ట నోరు మూసింది. తలకు కాస్త పైన తొర్ర, అందులో సన్నటి రొద. వవిన్యా సరిగ్గా దాని కిందే కుర్చీలు వేసింది.

"చల్లటి నీడ సార్. అన్నీ బాగా కనిపిస్తాయి."

విమానం చప్పుడు వినబడింది. హార్ట్‌విగ్ టెలిస్కోప్ స్టాండు విప్పాడు. మూడు మెలికలు తిప్పేసరికి అది రైఫిల్ అయింది. వవిన్యా చెయ్యి నడుములోని తుపాకి దాకా వెళ్ళి ఆగిపోయింది. మెడ మీద పిస్టల్ ఆనింది.

"కదలకు పిల్లా," అంది సెలీన్. "ఎర్రముక్కు అనగానే నీ తమ్ముడూ ఇలాగే నమ్మాడు. అటు తిరిగి నాకు టీ పోస్తూ, పొదల్లోంచి తూటా తగిలి పోయాడు, పాపం."

విమానం చక్రాలు నేలకు దిగుతున్నాయి. హార్ట్‌విగ్ వేలు ట్రిగ్గర్ మీద బిగుసుకుంది. ఆమె చేతిలో పక్షుల్ని చూపించే కర్ర తప్ప ఏమీ లేదు.

"అదిగో మీ ఎర్రముక్కు," అంటూ కర్రను తొర్రలోకి కసిదీరా పొడిచింది.

తేనెటీగలు కుండపోతగా దిగాయి. తూటా ఆకాశంలోకి పోయింది. రైఫిల్ ఒకచోట, పిస్టల్ ఒకచోట పడ్డాయి. వవిన్యా భుజాన కప్పుకున్న లేసో వస్త్రం తలకు చుట్టుకుని జీపులోకి దూకి అద్దాలెత్తింది. తనకూ నాలుగు కాట్లు పడ్డాయి. పడనీ. రన్‌వే మీద సాక్షి క్షేమంగా దిగుతున్నాడు.

ఇద్దరూ వచ్చి అద్దాలు బాదారు. మొహాలు బూరెల్లా పొంగాయి.

"తలుపు తియ్యమ్మా, చచ్చిపోతాం," అని ఏడ్చింది సెలీన్.

వవిన్యా అద్దం వేలెడంత దించింది.

"మిమ్మల్ని అరెస్టు చేస్తున్నాను. చేతులెత్తండి."

"ఎత్తితే చంకల్లో కూడా కుడతాయి," అని మూలిగాడు హార్ట్‌విగ్.

"అవును," అంది వవిన్యా. "ఇంకొంచెం పైకెత్తండి."